దూలానికి కట్టిన తలగుడ్డ

“బావిలో ఎవరప్పా?”

పైనుంచి కేక వినిపించి ఓబయ్య గడ్డపార ఆపాడు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. పలమనేరు పక్కన ఒక పాతబావికి పూడిక తీస్తానని గుత్తకు ఒప్పుకున్నాడు. మట్టి ఎత్తే కూలీలు మధ్యాహ్నానికి వస్తారు. అంతవరకు లోపల ఒక్కడే.

“నేనే, ఓబయ్యని. ఏం కావల్ల?”

“ఏం లేదు. పలికితే సాలు.”

పైకొచ్చి చూస్తే ఎవరో ముసలాయన. చేతికి మెలితిరిగిన రాగికడియం. సంగటిముద్ద పెడితే వద్దన్నాడు.

“బావులు తవ్వేవాళ్ళమంతా ఒక కట్టు కట్టుకోవల్లప్పా,” అన్నాడు. “బావి మీది దూలానికి తలగుడ్డ కట్టుంటే లోపల మనిషి ఉన్నట్టు. దావన పొయ్యే మనోడు కేకేసి పోవల్ల. పలక్కపోతే తాడు లాగల్ల. పది ఊర్లోళ్ళు సరే అన్నారు. నువ్వొకడివే మిగిలినావు.”

ఓబయ్యకు ఒళ్ళు మండింది. ఎవరికి ఎక్కడ పని దొరికిందో కనుక్కుని గుత్త తన్నుకుపోయే ఎత్తు అనుకున్నాడు. బావి తవ్వేవాళ్ళకు ఆ అనుమానం పుట్టుకతోనే వస్తుంది మరి.

“నా బావి నేను సూసుకుంటా. నీ దావన నువ్వు పో, పెద్దాయనా.”

“ఒకప్పుడు నేనూ ఇట్లే అన్నానప్పా,” అని ముసలాయన వెళ్ళిపోయాడు.

మర్నాడు ఓబయ్య దీపం దించి లోపల చెడుగాలి ఉందో లేదో చూసుకోకుండానే, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నాలుగు పోట్లు వేసేసరికి ఊపిరి అందలేదు. కాళ్ళు తేలిపోయాయి.

“బావిలో ఎవరప్పా?”

నోరు పెగల్లేదు.

కళ్ళు తెరిచేసరికి గట్టు మీద ఉన్నాడు. పక్కూళ్ళో బావులు తవ్వే దేవరాజులు మొహాన నీళ్ళు చల్లుతున్నాడు.

“దూలానికి నీ తలగుడ్డ సూసి కేకేసినా. పలకలేదు, లాగినా. మొత్తానికి కట్టుకు ఒప్పుకున్నావే అబ్బా.”

ఓబయ్య తల తడుముకున్నాడు. తలగుడ్డ తలకే ఉంది. దూలానికి వేలాడుతున్నది మట్టి పట్టి చివికిన పాతగుడ్డ.

ముసలాయన కాళ్ళు పట్టుకుని సరే అనాలని మూడు రోజులు ఊరూరా తిరిగాడు. అందరూ ఆయనను చూసినవాళ్ళే. ఏ ఊరాయనో ఒక్కరికీ తెలియదు.

నాలుగో రోజు దేవరాజులును గట్టున నిలబెట్టి, దీపం దించి చూసి, బావిలోకి దిగాడు. అడుగున మిగిలిన బురదను చేత్తో తోడాడు.

“బావిలో ఎవరప్పా?” పైనుంచి దేవరాజులు కట్టు ప్రకారం కేకేశాడు.

ఓబయ్య పలకలేకపోయాడు. బురదలోంచి తేలిన ఎముకల చేతికి, మెలితిరిగిన రాగికడియం ఉంది.