పది నిమిషాల తేడా

"దిగు ముందు! ఆ గడియారం జోలికెళ్తే ఊరుకోను" అంది అత్తగారు, స్టూలు కాలు పట్టుకుని.

"స్టూలు ఊపకండత్తయ్యా, పడితే నడుం విరిగేది నాది" అంది కోడలు పైనుంచి. "పది నిమిషాలు ముందుందని ఇంటిల్లిపాదికీ తెలిసిన గడియారం ఎవర్ని తొందరపెడుతుంది? చూడటం, పది తీసెయ్యడం. తీసివేతలు నేర్చుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు? నెల్నాళ్ళుగా మీ ఆయన చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాడంటే దాని చలవే!"

"ఆయన వెళ్ళేది దీన్ని చూసి. వచ్చేటప్పుడు తొందరపెట్టే గడియారం ఏదీ?"

ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాడు ఆ 'ఆయన', లారీ డ్రైవరు. చేతిలో టీ చల్లారిపోయింది. వేరే రోజైతే ఏదో ఒక పక్షాన ఓ మాట వేసి ఇద్దరి చేతా తిట్లు తినేవాడు. ప్రమాదం జరిగినప్పటినుంచీ, ఈ ఆరు రోజులుగా, మాటా లేదు, సరిగా తిండీ లేదు.

ఫోను మోగింది. విన్నాడు, "వస్తానండీ" అన్నాడు, పెట్టేశాడు.

"పదిన్నరకి కంపెనీ యార్డుకి రమ్మంటున్నారు. ఇవాళ తేల్చేస్తారట."

"తేల్చనీ" అంది తల్లి. "సందులోంచి చూసుకోకుండా దూసుకొచ్చింది ఆ కారు. నువ్వు బ్రేకు వేశావు, అక్కడికక్కడే ఆగావు. ఇంకేం తేలాలి?"

"నా మాట ఎవరిక్కావాలమ్మా? కారాయన కోలుకుంటున్నాడు గానీ, గుద్దుకున్న క్షణం ఆయనకి గుర్తే లేదు. ఇక మిగిలింది పెట్టెలే. బండి ఎంత స్పీడులో ఉంది, బ్రేకు ఎప్పుడు వేశాం, అన్నీ రాసుకునే పెట్టె కారులోనూ ఉంది, మన లారీలోనూ ఉంది. గుద్దుకున్నది పొద్దున తొమ్మిదీ ఇరవైకని కారు పెట్టె చెబుతోంది. అదే నిమిషానికి మన లారీ పెట్టెలో చూస్తే డెబ్బై స్పీడు. బ్రేకు మీద కాలే లేదట. తొమ్మిదిన్నరకి గానీ లారీ ఆగలేదట. గుద్ది పారిపోయి, భయమేసి తిరిగొచ్చానంటున్నారు."

"పారిపోయావా నువ్వు?"

"లేదమ్మా! కానీ ఆ పెట్టె అలా అంటుంటే, నిజంగా పారిపోయానేమోనని నాకే అనుమానంగా ఉంది. లైసెన్సు పోతే నాకింకో పని రాదు."

స్టూలు మీద కోడలు కదలకుండా నిలబడిపోయింది. ముల్లు మీదున్న వేలు అలాగే ఉంది.

"ఆ పెట్టెకి టైము ఎవరు చెబుతారండీ?"

"లారీ గడియారం. స్టీరింగు పక్కన అంకెలు వెలుగుతాయి చూడు, అది."

ఆమె గబుక్కున దిగింది. బీరువాలోంచి అతని చేతి గడియారం తీసి, ఫోనులో టైము చూసి సరిచేసి, తనే అతని మణికట్టుకి కట్టింది.

"ముందు ఆ రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టి చూడమనండి. చూసేదాకా దేని మీదా సంతకం పెట్టకండి."

ఇంట్లో గడియారం గొడవ చూసి తట్టిందనుకున్నాడు డ్రైవరు.

యార్డులో లారీ, అద్దం పగిలి, బంపరు వేలాడుతూ, చేసిన తప్పుకి నిలబెట్టిన పిల్లాడిలా ఉంది. విచారణాధికారి కాగితాలు తిరగేస్తూ, "పెట్టెకి జీతం లేదు, చుట్టరికం లేదు. అదెందుకు అబద్ధం చెబుతుందయ్యా?" అన్నాడు.

"అబద్ధమనడం లేదు సార్. ఒక్కసారి లారీ గడియారం చూడండి."

అధికారి విసుక్కుంటూనే కేబిన్ ఎక్కి తాళం తిప్పాడు. అంకెలు వెలిగాయి. పది యాభై రెండు.

డ్రైవరు చెయ్యి చాచాడు. పది నలభై రెండు.

అధికారి తన ఫోను తీశాడు. అదీ పది నలభై రెండే.

అక్కడే మెట్టు మీద కూర్చుని కాగితాల్లో పది నిమిషాలు కిందికి జరిగాడు. లారీ తొమ్మిదిన్నర అంటే, అసలు తొమ్మిదీ ఇరవై. ముప్ఫై రెండు స్పీడు. గుద్దుకోవడానికి రెండు సెకన్ల ముందే బ్రేకు పూర్తిగా నొక్కి ఉంది. ఆ వెంటనే సున్నా. ఆ తర్వాత అంతా సున్నాలే.

"మరి ఆ డెబ్బై?"

"దానికి పది నిమిషాల ముందు బైపాస్ మీదున్నాను సార్. అక్కడ ఎనభై దాకా పోవచ్చు."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది మేమే ముందు చూడాల్సింది" అని, తన దగ్గరే ఉంచుకున్న లైసెన్సు తీసి అతని చేతిలో పెట్టాడు. "సోమవారం డ్యూటీకి రా."

ఆ మధ్యాహ్నం ఆరు రోజుల ఆకలి ఒక్కసారే తీర్చుకున్నాడు డ్రైవరు. తల్లి పక్కనే కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. రెండోసారి కూర వేసి, గరిటె కింద పెట్టి, గొంతు సవరించుకుంది.

"ఇద్దరూ వినండి. ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో గడియారం సరైన టైమే చూపిస్తుంది. అమ్మాయ్, భోజనమయ్యాక స్టూలు వేసుకుని నువ్వే తిప్పు, నేను పట్టుకుంటాను. నా పిచ్చి వీడికి అంటుకుని, లారీలో కూడా ముందుకి పెట్టుకున్నాడు. ఎంత ముప్పు తప్పింది!"

"నేను పెట్టలేదమ్మా" అన్నాడు డ్రైవరు. "అది మార్చడమే నాకు రాదు. అదేది చూపిస్తే అదే నిజమనుకుని బండి తోలుతున్నాను."

"మరెవరు పెట్టారు? కేబిన్‌లోకి ఇంకెవరెక్కుతారు?"

పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని కోడలు అప్పుడే మొదటి ముద్ద కలుపుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"నేనే అత్తయ్యా. నెల కిందట కేబిన్ తుడిచినప్పుడు... మీ గడియారం చూసి వేళకి వెళ్తున్నారు కదా, లారీలోది చూసి వేళకి ఇంటికొస్తారని."