నానమ్మ లేచాక

తొలకరి పడిన మరునాడు కోడలు తొలిసారి ఒంటరిగా అడవికి వెళ్లి, ఒడి నిండా పుట్టగొడుగులు ఏరుకొని వచ్చింది. గాదె అడుగంటిన ఆ ఇంటికి ఆ పూటకు అవే ఆధారం. విషపువి కలవకుండా ఏటా ఏరి తెచ్చే అత్తగారు మొన్నటి చలికాలంలో జ్వరంతో కన్నుమూసింది.

కూర ఉడికింది. భర్తకూ కూతురికీ వడ్డించింది.

"మా అమ్మే ఉంటే ఈపాటికి సగం గిన్నె ఖాళీ," అని భర్త నవ్వాడు.

ఆమెకూ నవ్వు వచ్చింది. అత్తగారి ఆత్రం ఊరందరికీ తెలిసినదే. పుట్టగొడుగులు వండిన రోజున ఎవరినీ ముట్టనీయక, తానే ముందుగా తిని, నులకమంచమెక్కి నిద్రపోయేది. ఆమె లేచేదాకా ఇంటిల్లిపాది కడుపులూ నకనకలాడేవి. "ముసలమ్మకు ముందు నాలుక పుట్టింది, తర్వాతే ప్రాణం," అని కోడలే ఎన్నోసార్లు దెప్పింది.

కూతురు ముద్దను నోటిదాకా తెచ్చి ఆగింది. "అమ్మా, నానమ్మ ఇంకా లేవలేదుగా! తినొచ్చా?"

"పిచ్చితల్లీ, నానమ్మ ఇంక లేవదే..."

మాట నోట ఉండగానే ఆమె చూపు గిన్నెలోని పుట్టగొడుగుల మీద ఆగింది. కూతురి చేతిలోని ముద్దను విదిలించి, భర్త ఇంకా ముట్టని పళ్లెం లాక్కొని, నిలబడే గబగబా మింగింది.

"భలే! మా అమ్మకు తగ్గ కోడలివే," అన్నాడు భర్త.

ఆమె మంచం వైపు నడిచింది. నులకమంచంలో అత్తగారు పడుకొన్నచోట పడిన గుంత ఇంకా అలాగే ఉన్నది. అందులో ఒరిగితే, తన కొలతకే అల్లినట్లు సరిపోయింది.

"నేను లేచాకే తినండి," అని కళ్లు మూసుకొన్నది.