మిద్దె మీద సైగలు

పదకొండున్నర కావస్తుండగా శాంతయ్య చొక్కా తొడుక్కుని మిద్దె మెట్లెక్కసాగాడు. గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పడ్డాయి. వంటింట్లో తాలింపు వేస్తున్న నాగులమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"యాడికి, అంత ఆత్రంగా?"

"హైదరాబాద్ విమానం వచ్చే టైమైంది గదా మే."

"గుండీలన్నా సక్కంగా పెట్టుకో. సూసినోళ్లు నవ్వుతారు."

"మిద్దె మీద నన్ను సూసేదెవరులే," అన్నాడు, తల తిప్పకుండానే.

ఎవరో నాగులమ్మకు బాగా తెలుసు. ఎదురింటి కోమలి. మొగుడు లారీ మీద వెళితే వారానికిగానీ ఇంటికి రాడు. సరిగ్గా ఈ వేళకే ఆవిడ బట్టలారేయడానికి పైకొస్తుంది. పొద్దున్నే ఆరేస్తే ఆరవా? లోపల తాలింపు మాడిపోయింది. దానికీ కోమలే కారణమని తీర్మానించుకుంది నాగులమ్మ.

శాంతయ్య రేణిగుంట విమానాశ్రయంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. దిగిన విమానానికి ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లో సైగలు చేసే రంగు బ్యాట్లు పట్టుకుని, దాన్ని ఆగాల్సిన చోటికి పిలిచే పని. చేతులెత్తి తనవైపు ఊపితే రమ్మని. తల పైన అడ్డంగా పెడితే ఆగమని. ఆ కబుర్లలో పడితే ఎదురుగా ఉన్న అన్నం చల్లారిపోయేది.

"అంత లావు విమానం నాగులూ, నా రెండు చేతులు సూసి బుద్ధిగా ఆగేది. లోపల్నుంచి పైలట్ ఒక్కసారి తలూపేవాడు. ఆ పొద్దంతా నాకు ఆకలయ్యేది కాదనుకో."

పెళ్లయిన పాతికేళ్లకు ఆమెను కూడా విమానమెక్కించాడు. కిటికీలోంచి శేషాచలం కొండలు చూపిస్తూ, హైదరాబాద్ దాకా పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆ రోజు తలచుకుంటే నాగులమ్మకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, సంతోషంగానూ ఉంటుంది. అలాంటి మనిషి ఈ వయసులో ఇలా తయారవుతాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మూడు నాలుగు నెలలుగా చూస్తోంది. మాట్లాడితే మొహంలోకి చూడడు. బండి తీయడం మానేశాడు, నడిస్తే ఒంటికి మంచిదట. ఉగాదికి కొత్త చీర కట్టుకుని, "ఎట్లుండాది?" అని అడిగితే, "నీకేం మే, ఏది కట్టినా బాగుంటాది" అని గోడవైపు తిరిగి చెప్పాడు. తప్పు చేసినవాడికి కాకపోతే అలా చూపు తప్పించే అవసరం ఎవరికుంటుంది?

మొన్న మిరపకాయలు తీసుకురావడానికి పైకెళ్లినప్పుడు చూడనే చూసింది. శాంతయ్య ఎదురింటి వైపు రెండు చేతులూ ఊపుతున్నాడు, రమ్మని. అక్కడ తీగ దగ్గర కోమలి. నాగులమ్మ గాజులు గలగలమనగానే చేతులు తల పైన అడ్డంగా పెట్టేశాడు, ఆగమని. కోమలి గబగబా కిందికి దిగిపోయింది.

"ఏందా సైగలు?" అంది నాగులమ్మ.

"పాత అలవాటబ్బా. విమానం చప్పుడింటే చేతులు వాటంతటవే లేస్తాయి."

ఆ రాత్రే ఐరాలలో ఉన్న తమ్ముడు గిరికి ఫోన్ చేసింది. "తొందరపడొద్దుక్కా," అన్నాడు గిరి. "ఒకటికి రెండుసార్లు సూసుకో."

ఈ రోజు ఆ పనే పెట్టుకుంది. కోమలి తెల్లారకముందే చంద్రగిరికి పుట్టింటికి వెళ్తూ, చెట్లకు నీళ్లు పొయ్యమని తాళం నాగులమ్మకే ఇచ్చింది. ఆ సంగతి శాంతయ్యకు చెప్పలేదు. అతను మెట్లెక్కగానే గరిటె పక్కన పడేసి, నాలుగంగల్లో వీధి దాటి కోమలి మిద్దెక్కింది. కొంగు తలమీదికి లాక్కుని తీగ పక్కన నిలబడింది.

వెనకాల ఎక్కడో విమానం దిగుతున్న మోత. ఎదురుగా శాంతయ్య. సూటిగా ఆమెవైపే చూస్తూ నవ్వాడు. ఈ మధ్య ఇంట్లో ఒక్కనాడూ నవ్వని నవ్వు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు, రా రా అని.

నాగులమ్మకు తాను ఎలా దిగిందో, ఎలా ఇంటికొచ్చిందో తెలియదు. బీరువా తెరిచి చీరలు సంచిలో కుక్కుతూ గిరికి ఫోన్ చేసింది. "కారు తీసుకొని రా. ఇంక ఈడ ఒక్క నిమిషం ఉండను."

శాంతయ్య గోడ పట్టుకుని మెల్లగా దిగి వచ్చాడు. "ఏం మే, బీరువా చప్పుడైతాండాది? యాడికి పయనం?"

"ఎదురు మిద్దె మీద ఇప్పుడు ఎవరుండారు?"

శాంతయ్య మొహం పాలిపోయింది. "ఎవరు?"

"నన్నడుగుతావా? నేనే! కొంగు కప్పుకొని నిలబడితే కోమలనుకొని పండ్లికిలించినావు. రా రా అని పిలిచినావు. ముప్పై రెండేండ్ల కాపురం గదయ్యా! నీకేం తక్కువ చేసినా?" ఆమెకు ఏడుపు ఆగలేదు. "నా మొగం సూసి చెప్పు. ఏం దాస్తాండావు?"

శాంతయ్య మంచం తడుముకుని కూర్చున్నాడు.

"చెప్తే నన్ను మిద్దె ఎక్కనియ్యవని భయపడినా," అన్నాడు చివరికి. "అందుకే దాసినా."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఉగాదికి ముందు నుంచే."

చేతిలోని చీర జారి కిందపడింది. ఇన్నాళ్లూ ఆమె లోపల ఎక్కడో, ఇదంతా అబద్ధమైతే బాగుండునని కోరుకుంటూనే ఉంది. ఇప్పుడు తన నోటితో తానే ఒప్పుకుంటున్నాడు.

"ఆ మాట కూడా అనెయ్. నీ నోటితోనే ఇనిపోతా," అంది.

శాంతయ్య ఆమె గొంతు వినిపించిన వైపు తల తిప్పాడు.

"నాకు కండ్లు కనపడవు నాగులూ."