ఊ అంటే ఒట్టు

“మేక బస్సెక్కింది!” అంటూ ఉదయలక్ష్మి మేడం పుస్తకంలోంచి తలెత్తింది.

ఐదో తరగతిలో ఒక్కరు ఊ అంటే ఒట్టు.

నిన్నటిదాకా కథ మధ్యలో ప్రశ్నలడిగీ అడిగీ ఎల్బీనగర్ చౌరస్తా హారన్లనే ఓడించిన పిల్లలు! “ఊ కొట్టడం కాదర్రా, ప్రశ్న కొట్టండి” అని అలవాటు చేసింది ఆవిడే. తీరా ఇవాళ వెనక కుర్చీలో బడి కరస్పాండెంట్ వెంకటేశ్వరరావు గారు. కథ అయ్యేలోగా పిల్లలు ఒక్క ప్రశ్నయినా అడక్కపోతే, ప్రశ్నల పద్ధతికీ ఆవిడ ఉద్యోగానికీ కలిపి ఒకే ఫుల్‌స్టాప్ పెడతానని పొద్దున్నే చెప్పేశారు.

“కండక్టరు ఇచ్చిన టికెట్‌ని మేక నమిలేసింది. ఏమైనా అడుగుతారా?”

అడుగుతారనుకున్నవాళ్ళు అడగలేదు. ఆవిడకే అడుగు తడబడింది.

వాగుడుకాయ మహిపాల్ వైపు చూసింది. ఎదుటివాళ్ళ మాట కూడా తనే పూర్తిచేసే ఘనుడు, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు.

“ఏరా, నువ్వైనా?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

“కథ కంచికేనా మేడం? మరి మీరు ఇంటికేనా?” అన్నారు కరస్పాండెంట్.

ఆవిడ ఆఖరి పేజీ తిప్పింది.

అప్పుడు మూడో బెంచీలో ఓ చెయ్యి లేచింది. మౌనిక! బడి తెరిచిన రోజు నుంచీ పేరు నిలబెట్టుకుంటూ వస్తున్న పిల్ల.

“మే... మే... మే...”

మేడం కంగారుగా క్లాసంతా కలయజూసింది. నత్తి పిల్ల, అందులోనూ అచ్చం మేకలా! క్లాసు గొల్లుమంటుంది, పిల్ల మళ్ళీ జన్మలో నోరు విప్పదు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ మాట అందించలేదు.

“మే... మేకకు టికెట్ ఎవరు తీసిన్రు మేడం?”

“అవును, ఎవరు తీశారు?” కరస్పాండెంట్ కుర్చీ అంచుకు జరిగారు.

అంతే, క్లాసంతా ఎగబడింది.

“హాఫ్ టికెట్టా మేడం?”

“ఆడమేకైతే ఫ్రీ కద మేడం!”

“గడ్డమున్నదేమో, కండక్టర్ పరేషాన్ అయిండు!”

“కానివ్వండి మేడం, రేపు కూడా ఇలాగే” అని నవ్వుకుంటూ వెళ్ళారు కరస్పాండెంట్.

ఆవిడ వెంటనే మహిపాల్ చెవి పట్టుకుంది. “నా ఉద్యోగం ఊడబోయిందిరా! అప్పటిదాకా నోట్లో ఏం పెట్టుకున్నావ్?”

“రోజూ మేమే ముందుగాల అడుగుతున్నం కద మేడం...” వాడు గొంతు తగ్గించాడు.

“ఇయ్యాల మౌనిక అడిగేదాకా ఆగుదామనుకున్నం.”