ఒక్క స్టారు పడవ

పెద్దాడా,

నిన్న ఫోన్‌లో నువ్వన్నది తప్పు. టీవీలో ఆడే ఆ పడవ వీడియో ఆట నాకు నచ్చింది నీ చెల్లెలు తయారుచేసిందని కాదు. నీ పత్రికలో నువ్వు దానికి ఒక్క స్టారే ఇచ్చావని కొన్నాను. నువ్వు ఐదు ఇచ్చిన తుపాకుల ఆటలో నాకు కునుకు పట్టింది మరి.

ఇందులో మనుషుల్ని ఏరు దాటించాలి. దారి పొడుగునా వాళ్లు ఇంటి గొడవలు చెబుతారు. "ఏమీ జరగదు" అని రాశావు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నీకెప్పుడూ అంతే.

అది చెల్లెలిదని చివర్లో పేర్లు వచ్చాకే నాకు తెలిసింది. నలుగురూ మెచ్చాక చెబుదామని దాచుకుందట. నీ సమీక్ష చూసి వాళ్ల ఆఫీసు ఆటనూ ఆపేసింది, నీ చెల్లెల్నీ ఉద్యోగంలోంచి పంపేసింది.

వారం నుంచి నా దగ్గరే ఉంది. "అన్నయ్యకి తెలీదులే అమ్మమ్మా, తెలిస్తే ముందు నాకో మాట చెప్పేవాడు" అని నన్నే ఓదారుస్తోంది.

"తెలిసే రాశాను, నాకు మొహమాటాల్లేవు" అని నిన్న గొప్పగా చెప్పుకున్నావు. ఆదివారం వచ్చి ఆ మాట దానికి నువ్వే చెప్పు.

వస్తూ ఆట రిమోట్‌కు రెండు బ్యాటరీలు పట్టుకురా, సన్నవి. నువ్వు వెళ్లాక మేమిద్దరం ఆడుకోవాలి.

అమ్మమ్మ