పగలని గాజు

గోడ మళ్లీ కంపించింది. అలమరలోని గిన్నెలు గలగలలాడాయి.

కుట్టుపని చేసుకునే ఆమె మిషను వదిలి, లోపలి గదిలోకి పరుగెత్తింది. పదకొండు రోజుల మనవరాలు తల్లి పక్కన నిద్రపోతూనే ఉంది. వారి తలాపున గోడలో బీట. దానికి అడ్డంగా అతికించిన గాజుపలక రెండు ముక్కలై ఉంది.

ఎగువన ఆనకట్టలో నీరు నిండిన నాటి నుంచి నేల ఇలాగే ఒళ్లు విరుచుకుంటోంది.

గాజు అతికించినవాడు ఒక ముసలాయన. నెల క్రితం వచ్చి, వీధిలో ప్రతి ఇంటి బీటకూ ఒకటి అతికించాడు.

"గోడ కదిలితే ఇది పగులుతుందమ్మా. పగిలితే ముట్టుకోకండి, నాకు చూపించండి," అన్నాడు.

"అమ్మా, పగిలిందని తెలిస్తే ఏం చేస్తారు?" అంది కూతురు.

"ఆనకట్ట ఆఫీసువాళ్లు వచ్చి, ఇల్లు పనికిరాదని రాసి తాళం వేస్తారు. పచ్చి బాలింతవి, నిన్నెక్కడికి తీసుకుపోను?"

పక్కింటి రొట్టెల ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది.

"కంగారెందుకు వదినా? నేను ఇప్పటికి రెండు మార్చేశాను. ఫొటోలకు అద్దాలు వేసేవాడు కోసిస్తాడు. గోడలకు గాజులు తొడిగే మహానుభావుడికి ఆమాత్రం మర్యాద చెయ్యొద్దూ!"

ఆమెకు నవ్వు రాలేదు. అయినా, గంటలో కొత్త పలక అతికించి, పాతదిగా కనిపించడానికి దుమ్ము పులిమింది.

మర్నాడు ఉదయం ముసలాయన వచ్చాడు. వంగి, గాజును వేలితో తడిమాడు.

"ఇది నేను అంటించినదేనా తల్లీ?"

ఆమె పసిదాని దుప్పటి సర్దింది.

"అదేనండీ. గోడకు రోజుకో గాజు పెట్టేంత కలిగినవాళ్లమా?"

"వీధి మొత్తంలో ఒక్కటీ పగల్లేదు," అన్నాడాయన నెమ్మదిగా. "అయితే నేనే లేనిపోని భయం పెట్టుకున్నాను."

పీడ విరగడైందనుకుంది ఆమె.

సాయంత్రం వచ్చిన కుదుపుకు బీటలో చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. ఒక ఇటుక ఊడి, పసిదానికి జానెడు దూరంలో పడింది.

తల్లీబిడ్డలను వీధిలో కూర్చోబెట్టి, ఆమె ఆనకట్ట ఆఫీసుకు పరుగెత్తింది.

"అయ్యా, ఆ గాజుల ఆయన్ని పిలవండి! అది పగిలింది, మేమే మార్చాం. ఇల్లు లాక్కుంటే లాక్కోండి, పిల్ల బతికితే చాలు!"

గుమాస్తా ఆమెను కూర్చోమన్నాడు.

"ఆయనకు మీ ఇల్లెందుకమ్మా? ఈ ఆనకట్ట కట్టిన ఇంజనీరాయన. ఇందులో నీళ్లు సగానికి దించమని ఏడాదిగా ఒంటరిగా పోరాడి, పగిలిన గాజు ఒక్కటీ దొరకలేదని ఈ మధ్యాహ్నమే తన అర్జీ తానే వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు."