కొలతకో మనిషి

ఏ కట్టడం బొమ్మ గీసినా పక్కన ఒక మనిషిని గీయాలి, అప్పుడే దాని ఎత్తెంతో తెలుస్తుంది. లేనిది మాత్రం గీయకూడదు. వాస్తుశిల్ప చరిత్ర చెప్పే ప్రొఫెసర్ వెంకటసుబ్రహ్మణ్యం గారు ముప్పై ఏళ్లుగా పిల్లలకు నూరిపోస్తున్నది ఈ రెండే.

ఆ రాత్రి బందరు కోటలో ఒక పాత గిడ్డంగి కొలతలు తీయడం పూర్తయింది. అందరూ వెళ్లిపోయారు. ఆయన, విద్యార్థిని మేఘన మాత్రం మిగిలారు. లాంతరు వెలుగులో ఆమె గీసిన బొమ్మ చూడగానే ఆయనకు చిరాకేసింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"కొలతకి మనిషిని గీయమంటే ఈ తడి బట్టలేంటమ్మా?"

"ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు కదండీ."

ఆయన గుమ్మం వైపు చూశారు. ఎవరూ లేరు. గడప మాత్రం తడిగా ఉంది. వాన పడి నెల దాటింది.

"అక్కడెవరున్నారు? చెరిపెయ్."

మేఘన తలెత్తి గుమ్మం వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. గుమ్మంలోని మనిషిని రబ్బరుతో శుభ్రంగా చెరిపేసింది.

"నిజమేనండీ. అక్కడ లేడు."

కాగితం మీద ఆయన కూర్చున్న కుర్చీ గీసింది, అందులో ఆయన్ని గీసింది. ఆయన వెనకాల మళ్లీ ఆ మనిషిని మొదలుపెట్టింది.

"కదలకండి సార్," అంది.

ఆయన మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.